మాత్రలు లేని పెద్దాయన

చాలా ఏళ్ళుగా ఒక మాటను మోస్తున్నాను. దాన్ని నేనే రాశాను. నిజం కాదని తెలిసి రాశాను. మీరు నన్ను ఎరగరు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

నేను ఏ పత్రికలోనూ ఉద్యోగిని కాను. రాయచూరులో ఉంటూ ఆరోగ్యం, వార్ధక్యం, ప్రయాణాల గురించి అడిగిన పత్రికలకు వ్యాసాలు రాసి బతుకుతాను. చదివింది రసాయనశాస్త్రం. ఎవరేం చెప్పినా రుజువు అడిగి విసిగించే స్వభావం.

యాత్రా వ్యాసం కోసం గబ్బూరు గుళ్ళు చూడబోయినప్పుడు అక్కడి కిరాణా దుకాణం శెట్టిగారు పరిచయమయ్యారు. ఎనభై దాటినా రోజూ పొలం దాకా నడిచి వచ్చేవారు. రక్తపోటు ఉందని డాక్టరు చెప్పినా ఒక్క మాత్ర మింగలేదని, జొన్నరొట్టే తన మందని అన్నారు. నాకు అనుమానం వచ్చింది. ఆయన లేనప్పుడు కోడలిని నిలదీశాను.

ఆమె నవ్వింది. “మాత్ర అంటే మామ ఉమ్మేస్తడు సార్. నూరి మజ్జిగల కలిపి ఇస్తం. ఆయనేమో నా ఒళ్ళే గట్టిది అంటడు. మీరు గిది పేపర్ల రాస్తే మజ్జిగ గూడ ముట్టడు.”

అంటే ఆయన అబద్ధమాడలేదు. నేను చేయవలసింది ఒక్కటే: ఆ వ్యాసం రాయకుండా ఉండడం. కానీ అంత మంచి కథను వదులుకోలేకపోయాను. ‘ఒక్క మాత్ర కూడా లేకుండా’ అని శీర్షికలోనే పెట్టాను. కోడలి మాట నిలబెట్టడానికే మిగతాది దాచానని అప్పుడు అనుకున్నాను. నిజంగా ఆమె కోసమేనా?

వ్యాసం వచ్చిన వారం శక్తినగర్ నుంచి మా అక్క భర్త ఫోన్ చేశాడు. “ఏం బామ్మర్దీ, నీ శెట్టిని చూసి నేను గూడ బీపీ మాత్రలు బంద్ జేసిన. పానం హాయిగుంది. మీ అక్కకు చెప్పకు, లొల్లి చేస్తది.”

మజ్జిగ సంగతి చెబితే చాలు. చెబితే నా వ్యాసం బూటకమని తేలుతుంది. “డాక్టరును ఒకసారి అడుగు బావా” అన్నాను. ఎవరూ తప్పుపట్టలేని మాట.

ఆ వేసవిలోనే బావకు పక్షవాతం వచ్చింది. కుడిచెయ్యి పోయింది, మాట పోయింది. మాత్రలు మానడమే కారణమని ఒక్క ఉదాహరణతో నిరూపించలేమని నాకు నేను చెప్పుకున్నాను. శాస్త్రం ప్రకారం అది సరైన వాదనే. దాని వెనుక ఇన్నేళ్ళు దాక్కున్నాను.

రోజూ మాత్రలు వేసుకుంటూనే బావ పడిపోయాడని అక్క నమ్మకం. ఇప్పుడు ఆమెకూ రక్తపోటు. “మింగినోనికే గట్లయింది, నాకెందుకురా” అని డాక్టరు చీటీ పక్కన పడేసింది.

నిన్న వెళ్ళి అంతా చెప్పాను.  అక్క, “నాతోని మాత్రలు మింగించనీకె గిది గూడ అల్లినవా?” అంది.

రుజువు చూపలేకపోయాను. నిజమేనా అన్నట్టు ఆమె బావ వైపు తిరిగింది. బావ తన ముఖం గోడవైపు తిప్పుకున్నాడు.

ఆమె మాత్ర వేసుకుందో లేదో నాకు తెలియదు. నమ్మమని అడగలేదు కూడా. తిరుగు బస్సులో, ఎన్నాళ్ళకో, కిటికీ పక్కన ఒళ్ళు తెలియకుండా నిద్రపోయాను. ఆ నిద్ర మీద కూడా నాకు అనుమానమే: చెప్పింది అక్క కోసమా, దీని కోసమా?