మోగని ఫోను

మా కార్యాలయంలో మొబైల్ యాప్‌లను పరీక్షించే విభాగానికి ఒక అధిపతి ఉండేవాడు. ఫోనును చేత్తో పట్టుకుని పరీక్షించడం కూలిపని అని ఆయన ప్రగాఢ విశ్వాసం. అందుచేత బ్రౌజర్‌లోనే ఫోను బొమ్మను చూపే ఎమ్యులేటర్‌ను నెలకొల్పి, అసలు ఫోన్లన్నిటినీ బీరువాలో పెట్టించి తాళం వేయించాడు.

"ఒక్కసారి మామూలు ఫోన్లో కూడా చూద్దాం సార్," అంది పరీక్షించే అమ్మాయి.

"తెరమీద అంత ఫోను ఉందిగా తల్లీ, నీ కంటికి ఆనడం లేదా?"

అప్పట్లో ఒక ఆసుపత్రి కోసం యాప్ తయారైంది; ఆసుపత్రివారు దాన్ని మెచ్చితేనే ఆయనకు పదోన్నతి. వారి ఎదుట తన సొంత ఫోనులో రోగి వివరాలు నింపుతూ ఉండగా భార్య ఫోను చేసింది. కాల్ కట్ చేసి చూసేసరికి యాప్ మూతబడి, నింపినదంతా తుడిచిపెట్టుకుపోయింది. తెరమీది బొమ్మకు ఎవరూ ఫోను చేయరన్న సంగతి ఆ మేధావికి తట్టనే లేదు.

ఆసుపత్రివారు మర్యాదగా లేచి వెళ్లిపోయారు. పదోన్నతి కూడా వారి వెంటే గుమ్మం దాటింది. ఆయన మాత్రం బీరువా జోలికి పోక, భార్యకు ఫోను చేశాడు.

"ఇకమీద నేను ఆఫీసులో ఉండగా ఫోన్ చెయ్యకు. నీవల్ల యాప్ పాడైపోతోంది."

"అలాగే. ఊళ్లో మిగతా పెళ్లాలందరికీ కూడా మీరే చెప్పి రండి," అందావిడ.