బండ పొడిలో రెండు గుంటలు

గొర్రెను కొనాలంటే మా వాళ్లు దాని మూతి చూడరు. నడుం మీద బొటనవేలు పెట్టి నొక్కుతారు. వేలికి బొక్క, అంటే ఎముక, తగలకుండా కండ మెత్తగా దిగితేనే బేరం మొదలుపెడతారు. మా నాయన దగ్గర నేను నేర్చుకున్న మొదటి విద్య అదే. ఆ విద్యను తీసుకుపోయి సైకిల్ సీటు మీద చూపించాను చూడండి, అక్కడ వచ్చింది తంటా.

నేను గొర్రెలకు, మేకలకు టీకాలు వేస్తాను. బషీరాబాద్ వైపు నాలుగు ఊళ్లు నావి. ఐసుగడ్డల డబ్బా సైకిల్ వెనక కట్టుకుని, మంద మేతకు కదలకముందే దొడ్డి దగ్గర ఉండాలి. పొద్దున పూట షేర్ ఆటోలన్నీ తాండూరు వైపు పోతాయి, నేను పోవాల్సింది ఎదురు దిక్కు. చివరి ఊరు మా ఇంటికి తొమ్మిది కిలోమీటర్లు. పాత సీటు చిరిగి ఇనుము బయటపడ్డాక సగం దూరం దిగి నడవడమే అయింది. రెండుసార్లు నేను చేరేసరికి దొడ్డి ఖాళీ. మందలను చంపే పారుడు రోగం పక్క మండలం దాకా వచ్చిందని తెలిసీ ఏమీ చేయలేక ఆ ఖాళీ దొడ్డి ముందు నిలబడి ఏడ్చాను. మా పశువుల ఆసుపత్రి సార్ ఫోన్లో ఒకటే మాట అన్నాడు.

"ఇంకోసారి మంద తప్పిపోతే గా ఊరు మోటర్ సైకిల్ ఉన్నోళ్లకు రాసిస్తనమ్మా. ఏమనుకోకు."

అనుకోక ఏం చేస్తాను? మా నాయన బతికినన్నాళ్లూ మందను మేపిన ఊరు అది. అక్కడి గొర్రెలకు ఇంకెవరో సూది వేస్తారంటే నాకు ప్రాణం ఒప్పలేదు.

వికారాబాద్‌లో మీటింగుకు పోయినప్పుడు ఒక సైకిల్ దుకాణంలో దూరాను. వేలాడుతున్న సీట్లన్నింటినీ వరుసగా బొటనవేలితో నొక్కుకుంటూ పోయాను. ఒకదానిలో వేలు సగం దాకా దిగింది. "గది లేడీస్ సీటు, మస్తు మెత్తగుంటది" అన్నాడు దుకాణం అతను. మంచి పొట్టేలు నడుము కూడా అంత మెత్తగా ఉండదు! మురిసిపోయి తెచ్చుకున్నాను. మొదటి రెండు కిలోమీటర్లు మహారాణినే. ఆ తర్వాత ఒళ్లంతా అందులో కూరుకుపోయింది, తొడలు ఒరుసుకుపోయాయి, అడుగున ఉన్న పలక బొక్కలకు పొడుచుకోవడం మొదలైంది. ఇంటికి వచ్చాక రెండు రోజులు బోర్లా పడుకున్నాను.

ఆ సీటు ఊడదీసి సంచిలో వేసుకుని తాండూరులో పాత సైకిళ్లు బాగుచేసే చాచా దగ్గరికి పోయాను. కోపం ఆయన మీద కాదు గానీ, ఎదురుగా దొరికింది ఆయనే.

"గిది సీటా, నా పగోడా?" అని బల్ల మీద పడేశాను.

చాచా దాన్ని ఒకసారి నొక్కి నవ్వాడు. "మెత్తనోణ్ని చూస్తే మొత్తబుద్ధయితదంటరు. గిది ఉల్టా బిడ్డా, తాను మెత్తగుండి నిన్ను మొత్తుతది."

అప్పుడే బండలు మోసే ఒకాయన వచ్చాడు, ఆయనకూ సీటే కావాలి. చాచా ఒక చెక్క మీద బండలకు పాలిష్ పట్టగా రాలిన పొడి పరిచి కూర్చోమన్నాడు. ఆయన కూర్చుని లేచాడు. పొడిలో రెండు చిన్న గుంటలు పడ్డాయి. వాటి మధ్య దూరాన్ని చాచా పుల్లతో కొలిచి, దానికి తగ్గ సీటు తీసి ఇచ్చాడు.

"సీటు మోసేది కండను గాదు, గుంటలు పెట్టిన గీ రెండు బొక్కలను. అవి గట్టిదాని మీద కుదురుగ ఆనాలె" అన్నాడు నాతో.

"మరి నన్ను కూసొమ్మంటలేవేంది?"

చాచా తల దించుకుని పానా తుడవసాగాడు. "ఆడిపిల్లను రోడ్డు మీద పొడిల ఎట్ల కూసొమ్మంట? లేడీసుకు అందాజగ ఇస్త."

"ఎప్పటిసంది?"

"దుకాణం పెట్టినప్పటిసంది."

నాకు ఒళ్లు మండింది. కానీ ఆయన ముఖంలో నిజమైన సిగ్గు కనిపించింది. మర్యాద చేస్తున్నాననుకుని ఇన్నేళ్లుగా మా నడుములు విరగ్గొడుతున్నాడు పాపం. నోటిదాకా వచ్చిన తిట్టు మింగేశాను.

దుకాణం వెనకే వాళ్ల ఇల్లు. పరదా పక్కకు జరిగి చాచీ తొంగి చూసింది. "లోపలికి రా బేటీ, నేను కొలుస్త" అంది.

వాకిట్లో పీట మీద పొడి పరిచింది. కూర్చుని లేచాను. గుంటల మధ్య దూరం దారంతో కొలిచి రెండు వైపులా ముడి వేసింది. అంతటితో ఆగలేదు. పొడి మళ్లీ సాపు చేసి, తనే కూర్చుని లేచి, ఇంకో దారానికి ముడులు వేసి, చీర దులుపుకుంటూ నవ్వింది.

"నువ్వు సైకిల్ తొక్కుతవా చాచీ?"

"పెండ్లికి ముందు తొక్కిన. ఈడికొచ్చినంక ఎవరడిగిన్రు?"

పెళ్లయినప్పటి నుంచీ సైకిళ్ల దుకాణం వెనకే ఉన్న మనిషి!

రెండు దారాలూ చాచాకు తెచ్చి ఇచ్చాను. ఆయన నా దారాన్ని ఆ లేడీస్ సీటు అడుగున పెట్టి చూశాడు. "పైన బొంత వెడల్పు, కింద పలక సన్నం. నేనిన్నొద్దులు ఇచ్చినయి గూడ గిట్లనే ఉంటయి" అన్నాడు నెమ్మదిగా. తర్వాత రెండో దారం చూసి, "మరి గిదెవరిది?" అని అడిగాడు.

"నాదే" అంది పరదా వెనక నుంచి చాచీ. చాచా ఆ దారాన్ని మేకుకు జాగ్రత్తగా తగిలించాడు.

నా కోసం అటక మీది నుంచి దుమ్ము పట్టిన నల్ల సీటు ఒకటి దించాడు. అలవాటుగా నొక్కాను. వేలు వెనక్కి వంగింది గానీ సీటు కదల్లేదు.

"గిది బండ చాచా!"

"వేలుతోని కూసుంటవా ఏంది? మూడొద్దులు ఓపిక పట్టు. నాలుగో రోజు నొచ్చితే వచ్చి తిట్టు."

మొదటి రోజు తిట్టుకుంటూనే తొక్కాను. రెండో రోజు తిట్లు కొంచెం తగ్గాయి. నాలుగో రోజు ఆ చివరి ఊరి వంతు. డబ్బా కట్టుకుని బయలుదేరాను. వాగు దాటాను, చడావు ఎక్కాను, ఎక్కడా దిగలేదు. సీటు సంగతి గుర్తొచ్చేసరికి దొడ్డి ముందున్నాను.

దొడ్డికి అడ్డం పెట్టిన కంప తీయబోతున్న పెద్దాయన నన్ను చూసి ఆగిపోయాడు. "అరె, మందింకా కదలనే లేదు, అప్పుడే వచ్చినవా బిడ్డా!"

మొదటి గొర్రెను పట్టుకుని నడుం మీద వేలు పెట్టి నొక్కాను. మెత్తగా ఉంది. ఆ లెక్క గొర్రెకైతే సరిగ్గానే సరిపోయింది. ఇంతలో సార్ ఫోన్.

"ఏమైందమ్మా, మంద పోయిందా?" ఆ గొంతు అవుననే జవాబుకు ముందే సిద్ధపడి ఉంది.

నేను ఫోన్‌ను దొడ్డి వైపు పెట్టాను. ఒకటి అరిస్తే అన్నీ అందుకున్నాయి.

"ఇంటున్నవా సార్? గీ ఊరు ఎవ్వరికీ రాయకు. నాదే."