ఇది ఆ జబ్బు కాదండీ

ఎవరివో గొంతులు చెవిలో వినిపించే జబ్బుతో రెండేళ్ల క్రితం ఆస్పత్రి పాలైన తమ్ముడు, మందులు పడ్డాక కుదుటపడి, మళ్ళీ పుస్తకాల బైండింగు పనికి వెళ్తున్నాడు. బట్టలు కుట్టే అక్కకు అదే పదివేలు. అతని నడుము ముప్పై రెండు నుంచి నలభైకి వచ్చినా, "తిండి ఒంటబట్టింది" అని ఇరుగుపొరుగు అంటే ఆమె కూడా మురిసిపోయి, ప్యాంట్ల కుట్లు విప్పి వదులు చేస్తూ వచ్చింది.

ఆ ఎండాకాలం అతనికి దాహం పట్టుకుంది. గంటకోసారి బాత్‌రూముకి పరుగు. ఈసారి ప్యాంటు తనంతట తానే వదులైంది.

"ఏరా, ఒంట్లో బాగోలేదా?"

"ఏం లేదక్కా, ఎండలు."

ఒక సోమవారం పొద్దున అతను మంచం దిగలేదు. వాంతి చేసుకుని, రొప్పుతూ, ముద్దముద్దగా ఏదో గొణుగుతున్నాడు. అక్క ఆటోలో వేసుకుని ఆస్పత్రికి తీసుకెళ్లింది.

కుర్ర డాక్టరు పాత చీటీలు తిరగేశాడు. గొంతుల జబ్బుకి వాడే మందు పేరు కంటపడగానే ఫైలు మూసేశాడు.

"మత్తు ఇంజెక్షను ఇచ్చి మానసిక వార్డుకి పంపండి."

అక్క స్ట్రెచర్‌కి అడ్డంగా నిలబడింది. "ఇది ఆ జబ్బు కాదండీ. అది తిరగబెడితే వీడు కేకలేస్తాడు, నన్ను కూడా నమ్మడు. ఇలా రొప్పడు. నెల రోజులుగా బిందెలకు బిందెలు నీళ్లు తాగుతున్నాడు. రక్తం చూడండి."

"అమ్మా, మా పని మమ్మల్ని చేయనివ్వండి."

"చేయండి. వేలు పొడిచి చూడటం కూడా మీ పనే కదా!"

పెద్ద నర్సు ఎవరి మాట కోసమూ ఆగలేదు. వేలు పొడిచింది. రక్తంలో చక్కెర తన కొలతకు అందనంత ఉందని యంత్రం చూపించింది. డాక్టరు ముందుకు ఉరికాడు.

"మత్తు వద్దు! సెలైన్, ఇన్సులిన్, తొందరగా!"

సాయంత్రానికి గానీ అతను "అక్కా" అనలేదు. అంతవరకూ ఆమె బయట బల్ల మీద, తాను విప్పిన కుట్లన్నీ గుర్తు చేసుకుంటూ తనను తాను తిట్టుకుంది.

మూడో రోజు మానసిక వైద్యురాలు వచ్చింది. "ఈ మందు కొందరికి ఆకలినీ బరువునీ చక్కెరనీ పెంచుతుంది. మేం ఎప్పటికప్పుడు రక్తం చూడాల్సింది. చూడలేదు. తప్పు మాదే."

"అయితే మానేస్తా," అన్నాడు తమ్ముడు.

"ఒక్కసారిగా వద్దు. మెల్లగా వేరే మందుకి మారుద్దాం," అంది వైద్యురాలు.

"మధ్యలో ఆ గొంతులు వస్తే?" అన్నాడు తమ్ముడు.

రావని వైద్యురాలు అనలేదు. "వస్తే ఆ రోజే చెప్పు," అంది.

మందు మారడానికి నాలుగు నెలలు పట్టింది. అన్నాళ్లూ అక్క కుట్టుమిషను ఆపి ఆపి లోపలి గది వైపు చెవి ఒగ్గేది. ఒక సాయంత్రం లోపల అతను తనలో తాను మాట్లాడుకోవడం వినబడింది. ఒక్క ఉదుటున లేచి వెళ్లి తలుపు తోసింది.

"ఏంట్రా?"

అతని చేతిలో ఇన్సులిన్ సిరంజి ఉంది. "గీతలు లెక్కపెట్టుకుంటున్నానక్కా. నువ్వొచ్చి చెడగొట్టావు," అని విసుక్కుని, మళ్ళీ ఒకటి నుంచి మొదలుపెట్టాడు.