ఇంటికి రెండు కండువాలు

డిగ్రీలో రాజనీతి శాస్త్రం చదివాను. పార్లమెంటరీ ప్రజాస్వామ్యంలో పార్టీలకు సిద్ధాంతాలే పునాది అని పరీక్షలో పేజీలకు పేజీలు రాసి, మంచి మార్కులే తెచ్చుకున్నాను. పెళ్లయి గురజాల దగ్గర అత్తగారి ఊరికి వచ్చాక తెలిసింది, మా ఇంట్లో పార్టీలు పంచేది అత్తగారని. కొడుకులకు కూర వడ్డించినంత తేలిగ్గా పంచేసింది.

"పెద్దోడు అటుండాలి, చిన్నోడు ఇటుండాలి. ఎవరు గెలిచినా పోలీస్ స్టేషన్‌కి పోయి మాట్టాడేదానికి ఇంట్లో ఒక మనిషుండాలి గదా" అంది.

ఈ వైపు ఊళ్లల్లో ఇదేమీ వింత కాదు. ఓడిన పార్టీ వాడి గట్టు తగాదా అయిదేళ్లు తెగదు మరి. మా ఆయనా, మా మరిదీ చెరో కండువా కప్పుకుని పగలంతా చెరో జీపులో తిరిగేవారు. సాయంత్రం ఆ కండువాలు ఒకే దండెం మీద వేసి, ఒకే వరసలో కూర్చుని తినేవారు. నాయకులకూ తెలుసు, ఎవరూ తప్పుపట్టలేదు. "ఇంతకీ మీ పార్టీ దేన్ని నమ్ముతుంది?" అని మా ఆయన్ని అడిగితే, "నీ కూరలో ఉప్పు తక్కువ, నీకు ప్రశ్నలెక్కువ" అనేవాడు.

కిందటి ఎన్నికల ముందు మా మరిది పార్టీవాళ్లు చిలకలూరిపేటలో శిక్షణ తరగతులు పెట్టారు. భోజనాలు బాగుంటాయని వెళ్లిన మనిషి నమ్మకంతో తిరిగొచ్చాడు. జనం చేతుల్లో డబ్బు పొయ్యడం కాదు, కాలవలు బాగుచేసి చివరి భూములకు నీళ్లివ్వాలి, రాజకీయమంటే అదే అన్నాడు. మేం నవ్వుకున్నాం. ఎన్నికలైపోయాయి, జెండాలు దిగాయి, అతని నమ్మకం మాత్రం దిగలేదు. అన్న పక్కన కూర్చుని తినడం మానేశాడు. ఒకరోజు పొద్దున్నే తల్లితో, పొయ్యి వేరు పెట్టుకుంటాను, పొలం, బోరు పంచమన్నాడు.

అత్తగారు ఆ పూట మజ్జిగ కూడా ముట్టలేదు. ఇల్లు కాపాడాలని తను చేసిన ఏర్పాటే ఇంటిని చీలుస్తోంది. "నీకు నోరుంది గదా. ఇన్నాళ్లూ నామీదే పారేసుకున్నావు. ఇయ్యాల వాడి దగ్గర తెరువు" అంది నాతో.

మరిది కల్లంలో మిరపకాయలు తిరగేస్తున్నాడు.

"ఏంది నాయనా, అయిదేళ్లకోసారి వేసే ఓటు కోసం రోజూ తినే కూడు వేరు చేసుకుంటావా?" అన్నాను.

"ఓటు కోసం కాదొదినా. ఈ ఇంట్లో ఒక్కడికీ సిద్ధాంతం లేదని నువ్వే అనేదానివి. నాకొచ్చింది. ఇప్పుడు నీకే ఇబ్బందా?"

నేను మాట మార్చాను. అలా జరగడం అరుదు.

"సరే, అన్నతో ఏంది నీ గొడవ?"

"ఆయన ఇంకో మాట నమ్మితే నాకు గొడవే లేదు. ఏదీ నమ్మకుండానే కండువా ఏసుకుంటాడు. అట్టాంటి మనిషి పక్కన కూర్చుంటే నేనూ అబద్ధమాడినట్టుంటది."

"ఆ మాటే ఆయన్ని అడుగు. అడిగినాక వేరుపడు."

ఆ సాయంత్రం మా ఆయన అన్నం ముందు ఉండగా మరిది అడిగాడు, నిలబడే. "అన్నా, నువ్వా పార్టీలో ఎందుకున్నావు?"

మా ఆయన ముద్ద కలపడం ఆపాడు. "అమ్మ ఉండమంది" అన్నాడు.

అత్తగారు తల వంచుకుంది. మరిది గుమ్మం వైపు తిరిగాడు.

"ఆగరా" అన్నాడు మా ఆయన. "మిర్చికి తామర పురుగు తగిలిన ఏడు, మన చేలో కాయ కోసే వాళ్లకి మనం పని చూపలేకపోయినాం. వాళ్ల పొయ్యి వెలిగింది మా పార్టీ ప్రభుత్వం ఖాతాలో ఏసిన డబ్బులతోనే. కాలవ బాగుపడేదాకా పస్తుండమందామా? నాకది మంచి పనే అనిపించింది. ఎవరూ అడగలా, నేను చెప్పలా."

ఎవరూ అడగలేదట! నోటిదాకా వచ్చిన మాట మింగేశాను. ఆ ఇంటికి నేను చేసిన త్యాగాల్లో అది పెద్దది.

మరిది ఇటు తిరిగాడు. "ఎన్నాళ్లిస్తారన్నా అట్టా? నీళ్లుంటే వాళ్లకి ఏడాదంతా పనుండేది."

"నీళ్లొచ్చేలోపు?"

"ఆ మాటంటా ఉంటే ఎప్పటికీ రావు" అంటూ పీట లాక్కుని అన్న ఎదురుగా కూర్చున్నాడు.

అత్తగారు పళ్లెం పెట్టి, అన్నం వడ్డించింది. "పప్పు చల్లారిపోతంది. తింటా కొట్టుకోండి" అంది.

తింటూనే కొట్టుకున్నారు. ఒకరి మాట ఒకరు ఒప్పుకోలేదు, పొయ్యి మాట ఎవరూ ఎత్తలేదు. మరిది మారు అన్నం పెట్టించుకుని మళ్లీ కాలవ దగ్గర అందుకున్నాడు. నేనూ గరిటె పక్కన పెట్టి మధ్యలో దూరాను. ఇద్దరిదీ తప్పేనని నా వాదన.