పసుపు గళ్ళలోని మాటలు

మా తెలుగయ్యవారు పోయారని మొన్న ఆదివారం పొద్దున ఆయన కూతురు చిత్తూరు నుంచి ఫోను చేసి చెప్పింది. "నాయన నిద్దట్లోనే పోయినాడక్కా. ఎవురినీ ఇబ్బంది పెట్టలా" అంది. బడిలో మమ్మల్ని పెట్టిన ఇబ్బంది చాల్లే అనుకున్నాను. ఆ వెంటనే ఏడుపొచ్చింది.

శ్రీకాళహస్తిలో ఎనిమిదో తరగతి నుంచీ మాకు ఆయనే తెలుగు. వ్యాసంలో 'ఆడ', 'ఈడ' అని రాస్తే ఎర్రసిరాతో చుట్టి, "అక్కడ, ఇక్కడ! నోరు నీదే కావచ్చు, భాష అందరిదీ" అనేవారు. ఈ నాలుగు ముక్కలు తప్పుల్లేకుండా రాయగలుగుతున్నానంటే ఆ ఎర్రసిరా చలవే.

ఇంట్లో భార్యనూ వదిలేవారు కాదు. ఆమెది తడ దగ్గర పల్లె. మాటల్లో అరవం కలిసేది. ఒకసారి కాంపోజిషను పుస్తకాలు ఇవ్వడానికి మేం వాళ్ళింటికి వెళ్ళేసరికి ఆమె ఆయన్ని నిలదీస్తోంది.

"పొరక యాడ పెట్టినావు?"

"పొరక కాదు, చీపురు."

"చీపురైతే కసువు దానంతటదే పోతాదా? బళ్ళో చెప్పుకో పో ఆ మాటలు!"

మేం నవ్వాపుకోలేక పుస్తకాలు తిన్నె మీద పడేసి పరిగెత్తాం.

చాలా ఏళ్ళ తర్వాత, తిరుపతిలో కంప్యూటర్ల మీద డేటా మార్చే ఆఫీసులో నేను పనిచేస్తుండగా, ఆయన వెతుక్కుంటూ వచ్చారు. అప్పటికి రిటైరయ్యారు. ఆయన భార్య పోయింది. మన వైపు మాటలన్నీ ఏరి ఎక్సెల్‌లో ఎక్కించి సీడీలో తెచ్చారు. ఒక గడిలో మాట, పక్క గడిలో అర్థం, ఆ పక్కన ఊరు. ఇంటర్నెట్‌లో నిఘంటువు పెడుతున్నవాళ్ళు దాన్ని ఎక్స్‌ఎంఎల్‌లోకి మార్చి ఇమ్మన్నారట. ఎర్రసిరా అయ్యవారు 'ఆడ', 'ఈడ' ఏరి తేవడమా!

ఎక్స్‌ఎంఎల్ అంటే ప్రతి ముక్కకూ ముందూ వెనకా అదేమిటో పేరు రాయడమని, మాటకు 'పదం' అనీ అర్థానికి 'అర్థం' అనీ పెడతామని చెప్పాను. ఇట్టే అందుకున్నారు.

"వంటింట్లో డబ్బాల మీద చీటీలు అంటించినట్టు. చీటీ లేకుంటే నాబోటివాడికి ఉప్పేదో చక్కెరేదో తెలియదు."

ఆమె పోయాక నేర్చుకున్న పాఠం కాబోలు.

పని పూర్తిచేసి తెర మీద చూపించాను. కిందికీ పైకీ వెతికి, "పసుపు యాడ పోయింది పాపా?" అన్నారు. ఆయన నోట 'యాడ' వినడం నాకదే మొదటిసారి.

ఎక్సెల్‌లో కొన్ని గళ్ళకు పసుపు రంగు వేసుకున్నారు. అందం కోసమనుకున్నాను నేను. "రంగులు ఇందులోకి రావు సార్. ఆ రంగు ఎందుకో చెబితే దానికీ ఒక పేరు పెడతాను" అన్నాను.

ఆయన మొహం పక్కకు తిప్పుకున్నారు. "అవి ఆమె మాటలు. ఉన్నన్నాళ్ళూ దిద్దినా. ఇప్పుడు అన్నిట్లో కలిసిపోతే ఎట్లా? ఆమెవని యాడో ఒకచోట ఉండాల గదా."

పేరు చెప్పండి సార్, అదే రాస్తానంటే సిగ్గుపడిపోయారు. భార్య పేరు పలికే అలవాటు ఆయనకెప్పుడూ లేదు. చివరికి "ఇంటామె అని పెట్టు" అన్నారు. పసుపు గడి ప్రతిదానికీ 'చెప్పినవారు: ఇంటామె' అని చేర్చాను. పొరక, కసువు, గిన్నెలకు వాడే 'బోకులు', అన్నీ ఆమె కిందికి వచ్చాయి. ఆయన ఒక్కోటీ వేలితో చూపిస్తూ సరిచూసుకున్నారు.

ఒక్క మాట మాత్రం మొరాయించింది. నిఘంటువు వాళ్ళ నియమం ప్రకారం ప్రతి పదానికీ అర్థం ఉండి తీరాలి. ఒక్కటి ఖాళీగా ఉన్నా ఫైలు మొత్తం వెనక్కి వచ్చేస్తుంది. ఆ ఖాళీ 'ఇదో' అన్న మాట పక్కన ఉంది. అదీ పసుపు గడే.

"తీసేద్దామా సార్?"

"వద్దు పాపా."

"అయితే అర్థం రాయాలి మరి."

"దానికి అర్థమేముండాది? ఆమె పిలిచే పిలుపది."

కీబోర్డు తన వైపు లాక్కున్నారు. 'చూడు' అని కొట్టి చెరిపారు. 'పిలుపు' అని కొట్టి అదీ చెరిపారు. ఊరందరి పిల్లలకూ అర్థాలు చెప్పిన మనిషి అలా చిక్కుపడి కూర్చున్నారు. ఆఖరికి ఒంటివేలితో, ఒక్కో అక్షరం వెతుక్కుంటూ కొట్టారు: 'నన్నే'.

ఈసారి ఫైలు ఏ పేచీ లేకుండా వెళ్ళిపోయింది.

"సరిగ్గా వచ్చిందో లేదో ఒకసారి చదవండి సార్" అన్నాను. అయ్యవారు కళ్ళద్దాలు సర్దుకుని తెరకు దగ్గరగా వంగారు. "ఇదో..." అన్నారు, చివర కాస్త సాగదీసి, అచ్చం ఆమె పిలిచినట్టే. తర్వాత, నేను పక్కనున్న సంగతే మరిచిపోయి, తనే బదులు పలికారు.

"వస్తాండా."