నీళ్ళ వరస

రాజమండ్రి దగ్గర కాలవగట్టు మీదున్న ఫార్మసీ కాలేజీలో సత్తియ్య అటెండరు. పరిశోధనకి పెంచే తెల్ల ఎలుకలకి మేత వేయడం, సీసాల్లో నీళ్ళు నింపడం, బోనులు కడగడం అతని పని. ఎలుకలకి సేవ చేసి జీతం పుచ్చుకునేవాడు జిల్లా మొత్తానికి వీడొక్కడేనని గోదారి మీద వేటకెళ్ళే అన్నదమ్ములు ఆటపట్టించేవారు. సత్తియ్య పట్టించుకునేవాడు కాదు. అతనికి బాగా వచ్చిన విద్య వడ్డన. కుర్రతనంలో పేటలో ఏ పెళ్ళయినా పులుసు బకెట్టు అతని చేతిలోనే ఉండేది. బంతిలో ఒకరికి వేసి పక్కవాడికి మానడం మహాపాపమని వాళ్ళమ్మ నేర్పింది.

2004లో సాయిదుర్గ అనే అమ్మాయి డాక్టరేటు పనికి ఆ గదికి వచ్చింది. కొన్ని పెద్ద ఆపరేషన్లలో కాలేయానికి రక్తం కాసేపు ఆపాల్సి వస్తుంది. ఆపినప్పుడు కొంత దెబ్బ, తిరిగి వదిలాక మరింత దెబ్బ. ముందుగా నేల ఉసిరి తాగిస్తే ఆ దెబ్బ తగ్గుతుందా అన్నది ఆమె ప్రశ్న. ఒక వరస ఎలుకలకి వారం రోజులు కషాయం, రెండో వరసకి ఉత్త నీళ్ళు. ఎనిమిదో రోజున మత్తిచ్చి, కాలేయానికి రక్తం తెచ్చే నాళాన్ని ముప్పావుగంట క్లిప్పుతో బిగించి వదలాలి. తర్వాత రక్తపరీక్షలో కాలేయం ఎంత పాడయిందో అంకెల్లో తేలుతుంది.

రెండు వరసల అంకెలూ ఒక్కలాగే తక్కువగా వచ్చాయి. నీళ్ళ వరసవి ఎక్కువ రావాలి కదా! క్లిప్పు సరిగ్గా బిగియలేదు, లోపం తన చేతిదేనని సాయిదుర్గ అనుకుంది. మళ్ళీ చేసింది. మళ్ళీ అంతే. సర్జరీ నీకు కుదరదేమో, అంశం మార్చుకోమని గైడు జగన్నాథరావు గారు నెమ్మదిగానే చెప్పారు. ఆమె కళ్ళు తుడుచుకుంటూ బల్ల సర్దుకోవడం సత్తియ్య చూశాడు. చెబితే తన ఉద్యోగం పోతుంది, చెప్పకపోతే ఆ పిల్ల చదువు పోతుంది.

"మీ చేతిలో లోపం లేదండి," అన్నాడు గుమ్మంలో నిలబడి. "నీళ్ళ వరసకి కూడా మందు నేనే పోశానండి. గట్టు మీద నేల ఉసిరి బోలెడుంది కదండి, నూరి రాత్రిళ్ళు ఆ రసం సీసాల్లో కలిపేవాణ్ణి. పొద్దున్నే కడిగేసేవాణ్ణి."

ఎందుకలా చేశారని అడిగింది సాయిదుర్గ.

"పక్కపక్కన కూర్చోబెట్టి ఒకరికి పెట్టి ఒకరికి మానేస్తామా అండి? కోత మాత్రం ఇద్దరికీ ఒకటేగా."

ఆమెకి ఒళ్ళు మండిపోయింది. ఏడు నెలల పని గంగలో కలిసింది. కోపం కాస్త దిగాక అసలు సంగతి తట్టింది: క్లిప్పు బాగానే బిగిసింది, మందు పనిచేయబట్టే రెండు వరసలూ బాగున్నాయేమో! కానీ అది రుజువవ్వాలంటే ఒక వరసకి నీళ్ళే పోయాలి. జరిగింది గైడుగారికి దాచకుండా చెప్పింది, ఎలుకలు బెదరకుండా ఉండేది సత్తియ్య చేతిలోనే కాబట్టి అతన్ని ఉంచమని పట్టుబట్టింది. ఈసారి నీళ్ళంటే నీళ్ళేనని అతని చేత ఒట్టు వేయించుకుంది.

సత్తియ్య మాట తప్పలేదు. ఎనిమిదో రోజున నీళ్ళ వరస అంకెలు ఎక్కడికో వెళ్ళిపోయాయి. మందు వరసవి అందులో మూడోవంతు కూడా లేవు. జగన్నాథరావు గారు పూతరేకులు తెప్పించారు.

టీలు చెప్పడానికి సాయిదుర్గ క్యాంటీనుకి వెళితే, సత్తియ్యకి మాత్రం వద్దన్నాడు టీ కాచే లోవరాజు. వారం నుంచి అతను టీ ముట్టలేదట, అడిగితే మంచినీళ్ళు చాలన్నాడట.

ఆమె రెండు గ్లాసులు తనే పట్టుకుని ఎలుకల గదికి వెళ్ళింది. సత్తియ్య నీళ్ళ వరస ఖాళీ బోనులు కడుగుతున్నాడు.

"పనైపోయిందా అండి?" అన్నాడు తలెత్తకుండా.

"అయిపోయింది. ఇక తాగండి," అని గ్లాసు అతని చేతికిచ్చి, పక్కనే నేల మీద కూర్చుంది.