తడవని బియ్యం

ఆయతి మా పక్కింటి పిల్ల. ఇప్పపూలు ఏరడంలో ఆమెకు సాటి లేదు. చెట్టు కింద ఎండుటాకులు కాల్చి నేల శుభ్రం చేసేది, తెల్లారేసరికి రాలిన పూలు గంపనిండా ఎత్తుకొచ్చేది. ఎర్రబోరు అనే ఊరికి అవతల, అడవిలోని మా పల్లెలో, రాజుగారి ఏలుబడి రోజుల్లో, సగం ఏటి తిండి ఆ పూలే.

ఒక వేకువన అలాంటి చెట్టు కిందే ఆమె మొగుడు ఉంగను ఎలుగుబంటి చీల్చేసింది. ఆయతి భుజంలో గోళ్ళు దిగాయి. పుండు మానింది గానీ మనిషి కుదుటపడలేదు. ఆకు కదిలినా గుండె దడదడలాడేది, చేతులు వణికేవి. రాత్రుళ్ళు నిద్ర పట్టేది కాదు.

కట్టు మార్పించడానికి దవాఖానాకు తీసుకెళ్ళేది నేనే. తెలియని సంగతిని వదిలే అలవాటు నాకు లేదు, డాక్టరును నిలబెట్టి అడిగాను. మూత్రపిండాల మీద చిన్న గ్రంథులు ఉంటాయట. భయం వేస్తే వాటి రసం నెత్తుట్లో కలిసి, పారిపోవడానికో తిరగబడడానికో ఒంటిని సిద్ధం చేస్తుందట. గుండె పరుగెడుతుంది, నోరు ఎండుతుంది. ఎలుగు పోయినా, ఇంకా ఎదురుగానే ఉందని ఒళ్ళు అనుకుంటే ఆ రసం ఊరుతూనే ఉంటుందట.

ఆ వానాకాలం జ్వరాలొచ్చి ఊళ్ళో పిల్లలు పోయారు. మనిషిని చూస్తేనే వణికే ఆయతి మీద అందరి కన్నూ పడింది. మంత్రగత్తె అన్నారు. ఊరి పూజారి లచ్చు బియ్యం పరీక్ష పెట్టాడు. పొడిబియ్యం నమిలి ఆకులో ఉమ్మాలి. తడిగా పడితే మంచి మనిషి, పొడిగా పడితే ఊరు విడవాలి.

ఊరంతా చుట్టూ కూర్చుంది. ఆయతి నమిలింది, నమిలింది. ఆకులో రాలింది తెల్లటి పొడిపిండి.

నేను లేచి డాక్టరు చెప్పిందంతా చెప్పాను.

"తప్పు చెయ్యనోళ్ళకు బయమేంది, బుల్లమ్మా?" అన్నాడు లచ్చు.

"ఊరు పోతదంటే ఎవ్వలకైనా బయమే. గా బియ్యం ఇటియ్యి. బయం లేని నోరు ఎట్లుంటదో సూడు."

గుప్పెడు నోట్లో పోసుకున్నాను. నన్నెవరూ ఊరు దాటించరు కదా. నమిలి ఇంకో ఆకులో ఉమ్మితే ముద్ద తడితడిగా పడింది.

లచ్చు ఆ ఆకు ఎత్తి అందరికీ చూపించాడు. "సూసిండ్రా? మంచోళ్ళ నోరు గిట్లుంటది."

నా ముద్దే ఆమె మీద సాక్ష్యమైపోయింది.

పొద్దు వాలకముందే ఆయతిని గంపతో సహా పంపేశారు. పొలిమేర రాయి దాకా నేనూ నడిచాను, వెనక లచ్చు మనుషులు. రాయి దాటాక ఆమె ఆగింది. దవడ సందున మిగిలిన బియ్యాన్ని నాలుకతో తీసి అరచేతిలోకి ఉమ్మింది. తడిగా ఉంది.

"ఇప్పుడొచ్చింది, అక్కా."

చూడమని వెనక్కి తిరిగి పిలిచాను. వాళ్ళు అప్పటికే ఊళ్ళోకి మళ్ళారు.

ఆమె పోవలసిన దారి ఇప్పచెట్ల మధ్య నుంచే. గాలికి ఆకులు గలగలమన్నాయి. ఆయతి చేయి మళ్ళీ వణికింది, అందులో ఉన్నది నేలన పడిపోయింది.